సినిమా పాట పుట్టినిల్లు

సినిమా పాటకు కులము లేదనియు, గోత్రము లేదనియు, అది మదరాసు స్టూడియోలలో రాత్రికి రాత్రి పుట్టి తెల్లవారునప్పటికి వీథిలో పడిన సరకనియు మన పెద్దలలో పలువురు తలంచుచు వచ్చిరి. ఇంటిలో ఆడపిల్ల యొక పాటను కూనిరాగము తీసినంతనే, "ఆ సినిమా పాట లెందులకు? త్యాగరాజకృతి యొకటి పాడరాదా?" యని మందలించు తండ్రులు నేటికిని గలరు. పిల్లలు మాత్రము తక్కువ తిన్నవారా? "మీ సంగీతము మీది, మా సంగీతము మాది" యని వారును బదులు చెప్పుచున్నారు. ఈ తగవులో ఇరుపక్షములవారు నమ్ముచున్నది ఒకే మాట: పాతది వేఱు, క్రొత్తది వేఱు, రెంటికిని చుట్టఱికము లేదు. చరిత్రను కొంచెము త్రవ్వి చూచినచో ఈ నమ్మకమునకు ఆధారము కానరాదు. సినిమా పాటకు పుట్టినిల్లు గలదు. ఒకటి గాదు, మూడు నాలుగు గలవు. అందొక యింటి పేరు చెప్పుటకు మన సంస్కర్తలు సిగ్గుపడిరి. మఱియొక యింటివారి పేర్లను ఎవ్వరును అడుగనే లేదు.

తెలుగున మొదటి టాకీ 'భక్త ప్రహ్లాద'. హెచ్. ఎం. రెడ్డిగారు దానిని బొంబాయిలో తీసిరి. అది 1931 సెప్టెంబరులో వెలువడెనని చిరకాలము చెప్పుకొనుచుండిరి గాని, 1932 ఫిబ్రవరి 6వ తేదీన బొంబాయిలో మొదట ప్రదర్శింపబడినదని తరువాతి పరిశోధనమున తేలినది. అందు హిరణ్యకశిపుడు మునిపల్లె సుబ్బయ్యగారు. లీలావతి సురభి కమలాబాయిగారు. ఇరువురును రంగస్థలమున గొంతు పండించుకొన్నవారే. పాటలు వ్రాసిన చందాల కేశవదాసుగారు ఖమ్మము ప్రాంతమువారు. హరికథలు చెప్పినవారు, నాటకములు వ్రాసినవారు. అనగా మన మొదటి సినిమా పాట నాటకపు పాటయే. రంగుల తెఱ పైకి లేచుటకు మాఱుగా తెల్లని తెఱపై వెలుగు పడినది, అంతియే భేదము.

మఱి యా నాటకపు పాట యెక్కడిది? 1880 ప్రాంతమున ధార్వాడ నాటకసమాజమువారు మన పట్టణములలో ఆడిన ఆటలును, పిమ్మట వచ్చిన పార్సీ కంపెనీల ఆటలును మనవారికి నాటకముపై ఆశ గొల్పినవి. రాజమహేంద్రవరమున కందుకూరి వీరేశలింగముగారు తమ 'వ్యవహార ధర్మబోధిని'ని విద్యార్థులచేత ఆడించినది ఆ 1880లోనే. బళ్లారిలో ధర్మవరము రామకృష్ణమాచార్యులవారు తమ నాటకములలో పద్యములతోపాటు పాటలను గూడ చేర్చిరి. కడపజిల్లా సురభి గ్రామమున 1885లో వనారస గోవిందరావుగారు 'కీచకవధ' నాడించిరి. అంతకు ముందు ఆ కుటుంబములవారు తోలుబొమ్మలాట ఆడి బ్రదికినవారు. ఆడవేషములను ఆడువారే ధరించుట వారి పద్ధతి. ఇతర సమాజములలో అవి మగవారివి. ఇట్టి నాటకములలో పాట కలగూరగంప వంటిది. హిందూస్థానీ మట్లు, మరాఠీ మట్లు, కచేరీ రాగములు, యక్షగానపు దరువులు అన్నియు అందులో కలిసి యుడికినవి. స్త్రీవేషమున దేశమును మురిపించిన స్థానం నరసింహారావుగారు 'శ్రీకృష్ణ తులాభారము'లో సత్యభామకై తామే యొక పాట కట్టుకొని పాడుచుండిరి. 1966లో అదే కథ సినిమాగా వచ్చినపుడు ఆ పాట పి. సుశీలగారి గొంతున మరల వినబడినది. నాటకమునుండి సినిమాకు ఇంత తిన్నని దారి వేఱొకచోట చూపుట కష్టము.

నాటకమున పద్యము పాడు తీరును గూర్చి ఇక్కడ కొంచెము నిలిచి చెప్పవలెను. పద్యమునకు గురులఘువుల నడక గలదు, యతి గలదు, ప్రాస గలదు, తాళము లేదు. కావున నటుడు దానిని తన యిచ్చవచ్చినంత సాగదీయవచ్చును. పాదము చివర రాగమెత్తి, హార్మోనియముతో పందెము వైచి, ఊపిరి యున్నంతవఱకు నిలిపినచో సభ యంతయు "వన్స్‌మోర్" అని కేకలు వేయును. చచ్చి పడిన పాత్ర లేచి పద్యము మరల పాడి, మరల చచ్చెనని నాటకాభిమానులు చెప్పుకొను పరిహాసము అందఱు నెఱిగినదే. నేటివారు దీనిని అనాగరికమని నవ్వుదురు. నవ్వుటకు ముందు కారణము చూడవలదా? ఆ రోజులలో శబ్దమును పెంచు యంత్రము లేదు. ఆరుబయట కూర్చున్న వేలమందిలో కట్టకడపటి వానికి మాట చేరవలెనన్నచో శ్రుతి పెంచవలెను, అక్షరమును సాగదీయవలెను. ఆ రాగము వట్టి యాడంబరము గాదు, అవసరమునుండి పుట్టినది.

ఆ పద్యములు చేసిన మేలు ఒకటి గలదు. బలిజేపల్లి లక్ష్మీకాంతకవిగారి 'సత్యహరిశ్చంద్రీయము'లో కాటిసీనునకు గుఱ్ఱము జాషువగారి శ్మశానపద్యములను నటులు చేర్చుకొని పాడిరి. అక్షరము రాని కాపులు, కూలివారు ఆ పద్యములను కంఠస్థము చేసికొనిరి. కులము పేరు చెప్పి ఏ కవిని పంక్తికి దూరముగా కూర్చుండబెట్టిరో, ఆ కవి పలుకులు అగ్రహారపు అరుగులమీద అర్ధరాత్రి వఱకు మ్రోగినవి. పాటకు తలుపులు మూయుట మనుష్యునకు మూసినంత సులభము గాదు.

తరువాత మైకు వచ్చినది. మైకు ముందు కేక వేయ బనిలేదు. గుసగుసయు మూడు జిల్లాలకు వినబడును. ఈ మార్పును మన పద్యమునకు పూర్తిగా వినియోగించినవారు ఘంటసాల వేంకటేశ్వరరావుగారు. 1922లో గుడివాడ చేరువ చౌటపల్లిలో జన్మించిరి. తండ్రి సూరయ్యగారు నారాయణతీర్థుల తరంగములు పాడెడివారు. బాలుడు వానికి నాట్యమాడెడివాడు. పిమ్మట విజయనగరము చేరి, మధుకరమెత్తి పొట్ట పోసికొనుచు పట్రాయని సీతారామశాస్త్రిగారి యొద్దను, సంగీతకళాశాలలోను చదువుకొనిరి. ఆ కళాశాల 1919లో స్థాపింపబడినది. దానికి మొదటి యధ్యక్షులు హరికథాపితామహులు ఆదిభట్ల నారాయణదాసుగారు. 1942 ఉద్యమమున చెఱసాలకును పోయి వచ్చి, ఈయన సినిమాలలో ప్రవేశించిరి. తరంగము, హరికథ, కచేరీ, నాటకపద్యము: ఈ నాలుగింటి నడుమ పెరిగిన గొంతు అది. ఆయన సినిమాలో పద్యము పాడుచు రాగము కుదించిరి; ప్రతి పదము విడివిడిగా తెలియునట్లు పలికిరి; దుఃఖమున గొంతు పెంచుటకు మాఱు తగ్గించిరి. కరుణశ్రీగారి 'పుష్పవిలాపము'ను రికార్డుపై విన్నవారికి మేము విడమరచి చెప్ప నక్కఱలేదు. నాటకరంగమున అరువబడిన పద్యము మన వసారాలోనికి వచ్చి చెవిలో చెప్పినట్లైనది. ఇది పాతదా, క్రొత్తదా? ఛందస్సు నన్నయనాటిది, రాగములలో పలువిధములవి, ఆ గొంతు తగ్గింపు మాత్రము యంత్రము చలువ.

ఇక మన సంస్కర్తలు సిగ్గుపడిన యింటికి వత్తము. 17వ శతాబ్దమున క్షేత్రయ్యగారు మువ్వగోపాల ముద్రతో పదములు రచించిరి. తంజావూరు విజయరాఘవనాయకుని కొలువున మన్నన లందిరి. ఆ పదములను రెండు మూడు శతాబ్దములపాటు నోట నిలిపి, అభినయమున బ్రదికించి మనకందించిన వారెవరు? పండితులు గారు. దేవాలయములలోను, జమీందారుల సభలలోను, మన పెండ్లిపందిళ్లలోను పాడి యాడిన కళావంతుల స్త్రీలు. పదము తీరికగా నడచునది. పాడునామె ఒకే పాదమును మరల మరల పాడుచు, ప్రతి మాఱును కంటితో, చేతితో క్రొత్త యర్థము చూపును. 19వ శతాబ్దమున దానికి చెల్లెలు వంటి జావళి బయలుదేరినది. జావళికి ఓపిక తక్కువ, నడక వడి, మాట తేట, చనువెక్కువ.

1893లో మదరాసులోని సంఘసంస్కర్తలు మేజువాణీలకు ఉన్నతోద్యోగులు పోరాదని రాజప్రతినిధికి, గవర్నరుకు మహజరు లర్పించిరి. వీరేశలింగముగారు అంతకు ముందునుండియే ఈ పోరాటమున నిలిచియుండిరి. ఆడపిల్లను ఊహ తెలియకమునుపే దేవునికి కట్టి, తరువాత మనుష్యుల కప్పగించు ఆచారమును త్రోసివేయుట న్యాయమే. అందుల కెవ్వరును వగవ నక్కఱలేదు, మేమును వగవము. కాని ఆచారముతోపాటు పాటను గూడ అపరాధిగా నిలిపిరి. 18వ శతాబ్దమున తంజావూరిలో ముద్దుపళని రచించిన 'రాధికాసాంత్వనము'ను వీరేశలింగముగారు తమ కవులచరిత్రలో కఠినముగా నిందించిరి. బెంగుళూరు నాగరత్నమ్మగారు, తాను ఆ కులమున పుట్టినది, 1910లో ఆ కావ్యమును పూర్తిగా అచ్చువేయించెను. ప్రభుత్వమువారు అశ్లీలమని నిషేధించిరి. టంగుటూరి ప్రకాశము పంతులుగారి ప్రభుత్వమున, 1947లో గాని ఆ నిషేధము తొలగలేదు. దేవదాసీ సమర్పణమును మాన్పించు మదరాసు శాసనము పుట్టినదియు ఆ 1947లోనే. అదే నాగరత్నమ్మగారు తిరువయ్యారున త్యాగరాజస్వామివారి సమాధికి తన సొమ్ముతో గుడి కట్టించెను. అక్కడ ఆరాధనమున స్త్రీలను పాడనీయనపుడు 1927లో స్త్రీలకు వేఱుగా ఆరాధన జరిపించెను. నేడు సంసారిస్త్రీలు ఆ సన్నిధిని కూర్చుండి నిశ్చింతగా పంచరత్నములు పాడుచున్నారనగా, ఆ త్రోవ నరికినది ఎవరో జ్ఞాపకముంచుకొన దగును.

సంస్కర్తలు "ఈ స్త్రీలు ఇకమీద ఎట్లు బ్రదుకుదురు?" అని కొంత యడిగిరి. "ఈ పాట ఎట్లు బ్రదుకును?" అని అడిగినవారు అరుదు. రెండు ప్రశ్నలకును గ్రామఫోను కంపెనీలవారు, సినిమావారు తమ లెక్క చొప్పున సమాధానము చెప్పిరి. మన దేశమున గ్రామఫోను రికార్డులకు తొలినాళ్లలోనే, 1902లో, కలకత్తాలో గొంతు నిచ్చినవారిలో గౌహర్ జాన్ అను గాయని యొకతె. ఆమెయు మేజువాణీల లోకమునుండి వచ్చినదే. ఆ రికార్డు ఒక ప్రక్కకు మూడు నిమిషములు మాత్రమే పట్టును. అరగంట నడచు పదము అందులో నెట్లిముడును? కన్ను లేదు, చేయి లేదు, తీరిక లేదు. కావున పదము వెనుకబడినది. జావళి ముందుకు వచ్చినది. ఆ మూడు నిమిషముల కొలతయే సినిమా పాటకును కొలత యైనది. పల్లవి నిలిచినది, అనుపల్లవి తఱచుగా జాఱిపోయినది, చరణములు రెండు మూడు మిగిలినవి, చరణమునకు చరణమునకు నడుమ వాద్యగోష్ఠి చేరినది. పాత కీర్తనకు కత్తెర వేసి క్రొత్త చొక్కా కుట్టినట్లయినది.

మఱియొక మార్పు ఇంతకంటె లోతైనది. మేజువాణిలో పాడునదియు, చూపునదియు ఒక్కతెయే. గొంతును కన్నును విడదీసిన పదము పదమే కాదు. సినిమాలో నేపథ్యగానము వచ్చి ఆ రెంటిని విడదీసినది. చంద్రముఖి యను వేశ్యపాత్ర గల 'దేవదాసు' 1953లో వచ్చినది, సంగీతము సి. ఆర్. సుబ్బరామన్‌గారిది. అందొక క్షేత్రయ్య పదము గలదు. గొంతు రావు బాలసరస్వతీదేవిగారిది, మొగము మఱియొకరిది. పాట బాగుగనే యున్నది. మేము చెప్పవచ్చినది వేఱు. తమ పెండ్లిపందిటిలో మేళమును మాన్పించి గర్వపడిన కుటుంబములవారే, టిక్కెట్టు కొని, చీకటిలో కుర్చీలపై కూర్చుండి, ఆ పదమునే విని యానందించిరి. తప్పు లేదు; విని యానందింపవలసినదే. కాని ఆ పదమును అంతవఱకు మోసికొని వచ్చిన స్త్రీల యిండ్లలో ఆ వేళకు గజ్జెలు అటక యెక్కినవి. మనుమరాండ్రకు నేర్పుటకు గూడ వెఱచి ముసలివారు నోరు మూసికొనిరి. నటరాజ రామకృష్ణగారు తరువాతి కాలమున గోదావరి మండలమున అట్టి వృద్ధుల యిండ్లు వెదకుకొని పోయి, బ్రతిమాలి నేర్చుకొని, ఆంధ్రనాట్యమని పేరు పెట్టి నిలుపవలసి వచ్చినది.

కచేరీ సంగీతపక్షమువారు చేయు ఫిర్యాదును గూర్చి రెండు మాటలు. సినిమా పాట సంకరమట; పూర్వసంగీతము శుద్ధమట. ముత్తుస్వామి దీక్షితులవారు, సంగీతత్రిమూర్తులలో నొకరు, ఇంగ్లీషు బ్యాండు మట్లకు సంస్కృతసాహిత్యము కూర్చి నొట్టుస్వరములు రచించిరి. పరభాషామట్టు చేతికి వచ్చినపుడు ఆయన చెవులు మూసికొనలేదు. సాలూరు రాజేశ్వరరావుగారు కలకత్తా వెళ్లి, న్యూ థియేటర్సువారి పాట విని వచ్చి, ఆ వంగదేశపు మెత్తదనమును మన భావగీతమునకు పట్టించిరి. 1948 నాటి 'చంద్రలేఖ'లో సప్తసముద్రముల కావలి బాణీలను గూడ వాడిరి. ఆయనయే మొదలుపెట్టి, ఘంటసాలగారు పూర్తిచేసిన 'మాయాబజార్' (1957) పాటలలో పడవపాట శుద్ధమైన మోహనరాగము. పడవలో పాడినంతమాత్రమున మోహన మోహనము కాకపోవునా? ఆ కథయు సురభివారు ఏండ్ల తరబడి ఆడినదే.

అట్లే, పాతదని మనము చేతులు జోడించునది కొన్నిచోట్ల మిక్కిలి క్రొత్తది. తాళ్లపాక అన్నమాచార్యులవారు (1408–1503) 32 వేల సంకీర్తనములు రచించిరని ప్రతీతి. తిరుమలలోని రాగిరేకులపై దొరకినవి అందు సగమునకు లోపుగా నున్నవి. రేకులపై రాగముల పేర్లు గలవు గాని స్వరములు లేవు. నేడు మన యిండ్లలో మేలుకొలుపుగా మ్రోగు అన్నమయ్య పాటలలో హెచ్చు వానికి మట్లు కట్టినవారు రాళ్లపల్లి అనంతకృష్ణశర్మగారు, నేదునూరి కృష్ణమూర్తిగారు మున్నగు 20వ శతాబ్దపు విద్వాంసులు. మాట ఐదు వందల యేండ్లనాటిది. పాట మన తాతల నాటిది. 1997లో 'అన్నమయ్య' సినిమా వచ్చిన పిమ్మట ఆ రెండు కాలములు మఱింత కలిసిపోయినవి. ఇక కె. విశ్వనాథ్‌గారి 'శంకరాభరణము' (1980) సంగతి వినోదకరమైనది. శాస్త్రీయసంగీతము క్షీణించుచున్నదని బాధపడు ఆ కథను ఊరూర గెలిపించినది సినిమా పాటయే. కె. వి. మహదేవన్‌గారు బాణీలు కట్టగా, కచేరీశిక్షణ లేని ఎస్. పి. బాలసుబ్రహ్మణ్యముగారు వానిని పాడి జాతీయబహుమానము పొందిరి. ఆ సినిమా చూచి వచ్చి పిల్లలను సంగీతపు పంతులు నొద్ద చేర్చినవారు మా యూరనే పలువురు గలరు.

కడపట, పేర్లు అడుగబడని యింటి మాట. అది పొలము గట్టు. గూడవల్లి రామబ్రహ్మముగారు 1938లో 'మాలపిల్ల'ను, 1939లో 'రైతుబిడ్డ'ను తీసిరి. మొదటిదానిలో బసవరాజు అప్పారావుగారి గేయములు గలవు. వానిలో పల్లెపాట నుడికారము పండినది. రెండవదానిలో కొసరాజు రాఘవయ్యచౌదరిగారు ప్రవేశించిరి. జమీందారులకు కోపము వచ్చినది. 'రైతుబిడ్డ' కొన్ని జిల్లాలలో నిషేధింపబడినది. అంతకుముందు పల్లెపాట నవ్వించుటకు మాత్రమే పనికివచ్చునని మనవారి యభిప్రాయము. నిషేధమున కర్హమగునంతటి గౌరవము దానికి అప్పుడు కలిగినది. ప్రజానాట్యమండలివారు బుఱ్ఱకథను ఊరూర త్రిప్పిరి. షేక్ నాజర్‌గారు దానిని 'పుట్టిల్లు' (1953) మూలమున తెఱపైకి గొనివచ్చిరి. వింజమూరి సోదరీమణులు అనసూయ, సీతగార్లు దంపుళ్లపాటలను, ఊడ్పుపాటలను చదువుకొన్నవారి సభలలో నిలిచి పాడిరి. ఆ సీతగారే తరువాత తెలంగాణ రైతుపోరాటమును గూర్చిన 'మా భూమి' సినిమాకు సంగీతము కూర్చినవారిలో నొకరు. అందు బండి యాదగిరి కట్టిన పోరాటపు పాటను గద్దర్‌గారు పాడిరి. ఈ పాటకు మాత్రము అదృష్టవశమున కర్త పేరు నిలిచినది. 2023లో ఆస్కారు బహుమానము పొందిన కీరవాణి, చంద్రబోసుగార్ల పాటకు 'నాటు' అను మాటయే పేరు. ఒకప్పుడు తక్కువచేసి పలికిన మాట అది.

1955లో వచ్చిన 'రోజులు మారాయి'లో కొసరాజుగారు ఏరువాక పాట వ్రాసిరి. జ్యేష్ఠ పూర్ణిమనాడు ఎద్దులకు పసుపుకుంకుమలు పెట్టి అరక కట్టువేళ పాడుకొను పాటల ఒరవడి దానిది. మాస్టర్ వేణుగారు మట్టు కూర్చిరి, జిక్కిగారు పాడిరి, వహీదా రెహమాన్‌గారు ఆడిరి. ఐదేండ్లకు, 1960లో, బొంబాయిలో ఎస్. డి. బర్మన్‌గారు ఆ బాణీని ఒక హిందీ సినిమాలో వాడిరి. ఉత్తరదేశమంతయు దానిని పాడుకొన్నది. బర్మన్‌గారి పేరు హిందీ రికార్డుపై నున్నది. వేణుగారి పేరును తెలుగువారు అప్పుడప్పుడు తలంతురు. ఆ ఒరవడిని మొదట గొంతెత్తి పాడిన కాపు ఎవడో, మడిలో నడుము వంచి దానిని సవరించిన కూలిపిల్ల ఎవతెయో చెప్పు పేరు ఏ రికార్డుమీదను లేదు.